రాన్‌స్కియన్ గారికి ఓ సప్లీ బాధితుడి లేఖ

మహారాజశ్రీ రాన్‌స్కియన్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. కుశలం అంతా మీదే. నాది బీటెక్ ఫస్టియర్ మ్యాథ్స్ పేపర్లో పోయింది. రెండు ఫంక్షన్లు ఇచ్చి, ఒకటి ఇంకోదానికి ఏదో ఒక అంకె రెట్లేనా (డిపెండెంటా), కాదా (ఇండిపెండెంటా) అని మీ లెక్కతో తేల్చమన్నారు. మీ విలువ సున్నా వస్తే డిపెండెంట్ అని రాసేయడమే మా వాళ్ల అలవాటు. లెక్క కట్టాను, మీ విలువ సున్నా వచ్చింది. "అయినా డిపెండెంట్ అని చెప్పలేం" అని రాశాను. ధైర్యంతో కాదు, చదవక. సారు రెండు మార్కులు కోశారు. ఆ రెండు మార్కులతోనే సప్లీ.

ఆ కక్షతో మీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. మీకు పేరిచ్చిన పెద్దాయన యూజెఫ్ హోయెనె, గణితమూ తత్వమూ రెండూ రాసిన మనిషి. పోలండుకి వలస వచ్చిన ఓ ఆర్కిటెక్టు కొడుకు. 'వ్రోన్‌స్కి' ఆయన తనకు తానే తగిలించుకున్న తోక. అలాంటి మనిషే తర్వాత కూర్చుని ఏ జాతి స్వభావం ఏమిటో, ఏ జాతి ఏ పని కోసం పుట్టిందో లోకానికి పంచిపెట్టారు!

1794లో పోలండు సేనాని కొష్చూష్కో నడిపిన తిరుగుబాటులో రష్యా మీద పోరాడి పట్టుబడ్డారు. తర్వాత అదే రష్యా సైన్యంలో కొలువు చేశారు. 1795కల్లా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి పోలండుని ముక్కలు చేసి మింగేశాయి. 1803 ఆగస్టు 15న మార్సేలో, నెపోలియన్ పుట్టినరోజు విందులో, ఈయనకి పరమ సత్యం సాక్షాత్కరించింది. (మాకు ఆ తేదీన జెండా ఎగరేసి చాక్లెట్ ఇస్తారు.) ఆ సత్యాన్ని నీస్‌ ఊరి ఆర్సన్ అనే బ్యాంకరుకి అమ్మారు కూడా. బాకీ దగ్గర పేచీ వస్తే 1818లో "ఔనా, కాదా?" అంటూ కరపత్రం వేశారు. పరమ సత్యానికి రసీదు అడిగిన తత్వవేత్త ఇంకొకరు ఉన్నారేమో, నాకైతే తగల్లేదు.

ఇక ఆయన చరిత్ర అంటారా, అదో మెట్ల వరుస. తూర్పు దేశాలవాళ్లు తిండీ బట్టా చూసుకున్నారు. గ్రీకులూ రోమన్లూ న్యాయం చూశారు. మధ్యయుగం మతం చూసింది, తర్వాతి కాలం విజ్ఞానం. ఉపనిషత్తులు చెప్పుకున్న మేము అడుగు మెట్టు మీద అన్నం వండుకుంటున్నాం, గమనించగలరు. ఆయన కాలానికి దైవం పక్షానికీ బుద్ధి పక్షానికీ కొట్లాట నడుస్తోందట. తగువు తీర్చే పెద్దమనుషులు స్లావ్ జాతులు, వాళ్లలో ముందు కుర్చీ రష్యాది. రష్యా చక్రవర్తి జారు గారిలో దైవ సంకల్పం కనబడింది గానీ, చేతిలో పోలండు ముక్క కనబడలేదు పాపం.

1853లో ఆయన పోయారు. మెట్లన్నీ కూలాయి, మీరొక్కరే మిగిలారు. 1882లో మ్యూర్ అనే స్కాట్లండ్ ఆయన మీకు ఈ పేరు పెట్టారు. చూడండి చోద్యం: ఫంక్షన్లు స్వతంత్రమా కాదా తేల్చే పరీక్షకి, స్వాతంత్ర్యమే పోయిన దేశపు మనిషి పేరు.

పైగా ఆ పరీక్ష కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదట. 1889లో ఇటలీ గణితవేత్త పెయానో బయటపెట్టారు. ఎక్స్ స్క్వేర్, ఎక్స్ ఇంటూ మోడ్ ఎక్స్ (మైనస్ గుర్తు తీసేసిన ఎక్స్) తీసుకోండి. సున్నాకి కుడివైపు రెండూ ఒకటే, ఎడమవైపు గుర్తు తిరగబడుతుంది. ఎక్కడ చూసినా మీ విలువ సున్నాయే, అయినా అవి ఇండిపెండెంటే! 123 ఏళ్లు మ్యాపులో సున్నాగా ఉన్న పోలండు 1918 నవంబరులో అదే చేసి చూపించింది.

నా ఆన్సర్ షీట్లో రాసిందీ అదే. ఆ రెండు మార్కుల సంగతి కాస్త చూడగలరు.

ఇట్లు,
మీ ఒకప్పటి సప్లీ బాధితుడు