గోలెం అంటే ముందు ఒళ్లు, ఆ తర్వాతే బంగారం

హైదరాబాద్‌లో ఆదివారాలు గేమ్ కెఫేల్లోనో, ఎవరో ఒకరి ఫ్లాట్‌లోనో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు పోషిస్తూ, డైస్ వేస్తూ కథ నడిపే టేబుల్ ఆట) ఆడేవాళ్ల కోసం ఈ పోస్ట్. ముఖ్యంగా డీఎం (డంజన్ మాస్టర్, కథ నడిపి రూల్స్ తీర్పు చెప్పేవాళ్లు) సీట్లో కూర్చునేవాళ్లు చదవాలి. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

గోలెం అంటే మంత్రంతో ప్రాణం పోసిన బొమ్మ. విజార్డ్ (మంత్రగాడి పాత్ర) ఆడే ప్లేయర్ "అన్నా, నాకో స్టోన్ గోలెం కావాలె" అనగానే డీఎంలు చేసేవి రెండే పనులు. ఒకటి, "50,000 జీపీ కట్టేయ్, మూడు నెలలు గడిచినయ్, ఇదిగో గోలెం" అనడం (జీపీ అంటే ఆటలోని బంగారు నాణేలు). రెండోది, "నా క్యాంపెయిన్‌లో గోలెంలు లేవు" అని తలుపు మూసేయడం. రెండూ ఆటకి నష్టమే. గోలెం దుకాణంలో కొనే కత్తి కాదు. దానికి ఒళ్లుంది. ఆ ఒళ్లు దేంతో చేశారు, ఎవరు చేశారు, ఎక్కడ్నుంచి మోసుకొచ్చారు అన్నదాంట్లోనే నాలుగైదు సెషన్ల ఆట దాక్కుని ఉంది. ఆట రూల్ పుస్తకాల్లో 2003లో వచ్చిన 3.5 ఎడిషన్ ఈ సంగతి పట్టుకుంది. 2014 నాటి 5వ ఎడిషన్ దాన్ని చాలావరకు వదిలేసింది.

3.5 లెక్క ఇలా ఉంటుంది. క్రాఫ్ట్ కన్‌స్ట్రక్ట్ ఫీట్ (పాత్ర నేర్చుకునే ప్రత్యేక నైపుణ్యం) కావాలి. దానికంటే ముందు మ్యాజిక్ ఆయుధాలు చేసే ఫీట్, వండ్రస్ ఐటెం ఫీట్ రెండూ ఉండాలి. స్టోన్ గోలెంకైతే కనీసం 3,000 పౌండ్ల బరువున్న గట్టి రాయి, గ్రానైట్ లాంటిది, ఒకే దిమ్మ. రాయి ఖరీదు 5,000 జీపీ. చెక్కడానికి శిల్పం లేదా రాతిపనిలో డీసీ 17 చెక్ (డీ20 అనే 20 ముఖాల డైస్ వేసి, నైపుణ్యం కలిపితే 17 రావాలి). స్పెల్స్ (మంత్రాలు) మూడు: యాంటీమ్యాజిక్ ఫీల్డ్, గియాస్/క్వెస్ట్, సింబల్ ఆఫ్ స్టన్నింగ్. మొత్తం ఖర్చు 50,000 జీపీ, 3,400 ఎక్స్‌పీ (పాత్ర సంపాదించిన అనుభవ పాయింట్లు). మార్కెట్ ధర 90,000 కాబట్టి, వెయ్యికి ఒక రోజు చొప్పున 90 రోజుల పని.

ఇక్కడ "ఒకే దిమ్మ" అన్న మాటని చాలామంది లైట్ తీసుకుంటారు. గ్రానైట్ కొండల మధ్య ఉండే మనం మాత్రం తీసుకోకూడదు. 3,000 పౌండ్లంటే 1,360 కిలోలు. గ్రానైట్ ఘనపు మీటరుకి సుమారు 2,700 కిలోలు తూగుతుంది, అంటే దిమ్మ సైజు సగం ఘనపు మీటరు. స్టోన్ గోలెం ఎత్తు 9 అడుగులు, బరువు 2,000 పౌండ్లు అని పుస్తకం చెబుతుంది. 75 కిలోల మనిషిని అదే కొలతల్లో 9 అడుగులకి పెంచి రాతితో చేస్తే బరువు దాదాపు అంతే వస్తుంది, ఆ అంకె చక్కగా ఉంది. కానీ అంత మనిషి భుజాల వెడల్పు 70 సెంటీమీటర్లు దాటుతుంది, మందం 40 దాకా ఉంటుంది. అతను పట్టే నిలువు దిమ్మ తీస్తే 2,100 కిలోలు, అంటే 4,700 పౌండ్లు. అదీ చేతులు ఒంటికి ఆనించి పెడితేనే. 3,000 పౌండ్ల నిలువు దిమ్మలో 9 అడుగుల మనిషి పట్టడు. పుస్తకం "కనీసం" అంది కాబట్టి రూల్ తప్పు కాదు, డీఎంకి చోటిచ్చింది. నా టేబుల్ రూల్ 5,000 పౌండ్లు. చేతులు చాచి నిలబడే గోలెం కావాలంటే ఇంకా పెద్దది.

ఇప్పుడు ఆ దిమ్మని క్వారీ నుంచి టవర్ దాకా తేవాలి. హుస్సేన్ సాగర్ బుద్ధుడి కథ మనకి తెలిసిందే. రాయగిరి దగ్గర ఏకశిలగా చెక్కారు, నగరానికి తెచ్చారు, 1990 మార్చిలో బార్జ్ మీద సాగర్ దాటిస్తుంటే విగ్రహం నీళ్లలోకి జారిపోయింది, ప్రాణాలు పోయాయి. 1992లో గానీ పైకి తీసి నిలబెట్టలేకపోయారు. చెక్కడం కంటే మోయడం కష్టం అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మీ క్యాంపెయిన్‌లో నది ఉంటే, వంతెన ఉంటే, ఘాట్ రోడ్డు ఉంటే, ఒక సెషన్ మొత్తం దానికే ఇవ్వండి. యోధుడి పాత్ర ఫైటర్‌కీ, దొంగ పాత్ర రోగ్‌కీ కూడా పని దొరుకుతుంది. విజార్డ్ మూడు నెలలు గదిలో కూర్చుంటే మిగతా నలుగురు ఏం చేయాలన్న గొడవకి సగం జవాబు ఇక్కడే ఉంది.

రాయి ఎంచేటప్పుడు సుత్తితో కొట్టి చూడటం శిల్పుల పాత పద్ధతి. గంటలా మోగితే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల పగులుంది. అది చూడకుండా 5,000 జీపీ పోస్తే మొదటికే మోసం. విజార్డ్ స్వయంగా చెక్కాల్సిన అవసరం లేదు, పనివాణ్ణి పెట్టుకోవచ్చు. రాతిపనిలో +7 ఉన్న మేస్త్రి టేక్ 10 చేస్తే (డైస్ వేయకుండా 10 పడ్డట్టు లెక్కేస్తే) సరిగ్గా 17 వస్తుంది, కాబట్టి మంచి మేస్త్రి దొరికితే డైస్ వేయాల్సిన పనే లేదు. దొరక్కపోతేనే చిక్కు. క్రాఫ్ట్ రూల్స్ ప్రకారం చెక్ 5 లేదా అంతకంటే ఎక్కువ తేడాతో పోతే సగం ముడిసరుకు పాడవుతుంది. ఒకే దిమ్మలో సగం పాడవడం ఏమిటి? దిమ్మే పోయినట్టు. అలా పోతే ఆ రాయితో పెద్ద గోలెం ఇక రాదని చెప్పేయండి, జాలిపడొద్దు.

ఐరన్ గోలెం దగ్గర లెక్క ఇంకా బాగుంటుంది. 5,000 పౌండ్ల స్వచ్ఛమైన ఇనుము, 10,000 జీపీ ఖరీదు చేసే మిశ్రమాలు, కవచాలు లేదా ఆయుధాలు చేసే పనిలో డీసీ 20. ఎత్తు 12 అడుగులు, బరువు 5,000 పౌండ్లు. 12 అడుగుల మనిషి ఆకారాన్ని గట్టిగా ఇనుముతో నింపితే 13,000 పౌండ్లు దాటుతుంది. అంటే ఐరన్ గోలెం లోపల బోలు. పోత విగ్రహం కాదు, రేకుల మీద రేకులు బిగించిన పెద్ద కవచం. అందుకే స్కిల్ కవచాల పని. అది వదిలే విషపు గాలి ఎక్కడుంటుందన్న ప్రశ్నకీ జవాబు అదే, అందుకే స్పెల్స్ లిస్టులో విషపు మేఘం పుట్టించే క్లౌడ్‌కిల్ ఉంది. ఇలా శరీరాన్ని చూసి రూల్ చదివితే అన్నీ ఒకదానికొకటి అతుకుతాయి. బంగారం అంకె మాత్రమే చూస్తే ఇవేవీ కనపడవు.

ఫ్లెష్ గోలెం గురించి తక్కువే చెబుతాను. కనీసం ఆరు శవాలు, పెద్దగా కుళ్లనివి: కాళ్లూ చేతులకి నాలుగు, మొండెం తలకి ఒకటి, మెదడుకి ఒకటి. ఈవిల్ స్పెల్ వేయక తప్పదు. పార్టీలో పాలడిన్ (ధర్మానికి కట్టుబడిన యోధుడి పాత్ర) ఉంటే ముందే మాట్లాడుకోండి.

క్లే గోలెంకి 1,000 పౌండ్ల ఒకే ముద్ద మట్టి, 1,500 జీపీ నూనెలు, పొడులు, డీసీ 15. తయారైన గోలెం 600 పౌండ్లే. కొంత నీరుగా ఆరిపోతుంది, కొంత చెక్కుడులో పోతుంది. మందంగా ఉన్న మట్టి పైన ముందు ఆరి కుంచించుకుపోతుంది, లోపల తడిగానే ఉంటుంది, దాంతో మెడ దగ్గరా చీలమండ దగ్గరా పగుళ్లొస్తాయి. 2022లో ఖైరతాబాద్‌లో 50 అడుగుల మట్టి వినాయకుణ్ణి నిలబెట్టారంటే లోపల చట్రం ఉండబట్టే. గోలెంకి ఆ వీల్లేదు, ఒకే ముద్ద కావాలి. కాబట్టి నీడలో, తడి గోనెపట్టాలు కప్పి, నెమ్మదిగా ఆరనివ్వాలి. ఆ టైముని 40 రోజుల మంత్రం పనికి ముందు విడిగా లెక్కపెట్టండి. ఎండాకాలంలో తొందరపడితే పగుళ్లే.

స్పెల్స్ విషయంలో ఎక్కువ టేబుళ్లు చూడని మెలిక ఒకటుంది. క్లే గోలెంకి రిసరెక్షన్ (చనిపోయినవాళ్లని బతికించే స్పెల్) కావాలి. చేసేవాడు కనీసం 11వ లెవెల్ అంటుంది పుస్తకం. కానీ రిసరెక్షన్ ఏడో లెవెల్ స్పెల్, క్లెరిక్‌కి (పూజారి పాత్ర) 13వ లెవెల్ దాకా రాదు. ఫ్లెష్ గోలెంకి 8వ లెవెల్ చాలంటారు, అందులో లిమిటెడ్ విష్ ఉంది, విజార్డ్‌కి అదీ 13కే. దారి స్క్రోల్ (స్పెల్ రాసి ఉన్న కాగితపు చుట్ట) ఒక్కటే. బయటి స్క్రోల్ వాడొచ్చని రూల్ స్పష్టంగా చెబుతుంది, వేయాల్సింది మాత్రం చేసేవాడే, అదీ చివరి రోజున. రిసరెక్షన్ స్క్రోల్ 12,275 జీపీ, లిమిటెడ్ విష్ 3,775. ఇలా బడ్జెట్ తడిసి మోపెడవుతుంది. మీ లెవెల్ స్క్రోల్ లెవెల్ కంటే తక్కువైతే, స్క్రోల్ లెవెల్‌కి ఒకటి కలిపిన డీసీతో చెక్ వేయాలి, డైస్‌కి మీ లెవెల్ కలుస్తుంది. 8వ లెవెల్ విజార్డ్‌కి 13వ లెవెల్ స్క్రోల్ అంటే డీ20 మీద 6 రావాలి, నాలుగింట ఒక వంతు ఓటమి. ఆ ఒక్క రోల్‌ని టేబుల్ మధ్యలో, అందరి ముందూ వేయించండి.

ఇక బెర్సెర్క్, అంటే గోలెం పిచ్చెత్తి అదుపు తప్పడం. 3.5లో క్లే, ఫ్లెష్ గోలెంలు రెండూ పోరులో రౌండుకి ఒక శాతం చొప్పున పెరిగే ప్రమాదంతో అదుపు తప్పుతాయి. "ఒక శాతమే కదా" అనేవాళ్లు గుణించి చూడాలి. ఐదు రౌండ్లకి మొత్తం 14 శాతం, పదికి 43, పదకొండో రౌండుకి దాదాపు సగానికి సగం. ఫ్లెష్ గోలెంని సృష్టికర్త 60 అడుగుల్లోపు నిలబడి డీసీ 19 కరిజ్మా చెక్‌తో ఆపొచ్చు, నిమిషం ఊరికే నిలబడితే శాతం సున్నాకి దిగుతుంది. క్లే గోలెంకి ఆ దారి లేదు, తప్పిందంటే తప్పినట్టే. పోరాటం మారితే దాని లెక్క మళ్లీ మొదలవుతుందా అన్నది వాదనకి తావిచ్చే చోటు. "పోరులోకి దిగినప్పుడు" అని రాశారు కాబట్టి ప్రతి పోరుకీ కొత్త లెక్క అనే నేనంటాను. లేదంటే 21,500 జీపీ, 1,540 ఎక్స్‌పీ పోసి చేసినదాన్ని ఎవరూ బయటికి తీయరు.

5వ ఎడిషన్‌లో ఇవన్నీ పోయి ఒక మాన్యువల్ (మంత్రపు పుస్తకం) మిగిలింది. ఐదో లెవెల్ స్పెల్ స్లాట్లు (స్పెల్ వేయడానికి ఉండే విడతలు) కనీసం రెండున్న మంత్రగాడు, చేతిలో పుస్తకం, రోజుకి 8 గంటలకి మించని విశ్రాంతి, అంతరాయం లేని పని. పూర్తయ్యాక పుస్తకం కాలిపోతుంది, ఆ బూడిద చల్లితే గోలెం లేస్తుంది. బూడిద ఘట్టం అద్భుతం, దానికి వంక లేదు. అంకెలే కుదరలేదు. క్లే 30 రోజులు, 65,000. ఫ్లెష్ 60 రోజులు, 50,000. సీఆర్ (ఎంత బలమైనదో చెప్పే అంకె) 9 గోలెంకి నెల, సీఆర్ 5 గోలెంకి రెండు నెలలు! స్టోన్ 80,000, ఐరన్ 100,000: ఇంకో 20,000 పెడితే సీఆర్ 10 నుంచి 16కి దూకుతుంది, అలాంటప్పుడు స్టోన్ ఎవరు చేస్తారు? 5ఈ ఆడేవాళ్లు బూడిద ఉంచుకోండి, రోజులూ ధరా అలాగే ఉంచుకున్నా సరే, రాయి, మేస్త్రి, మట్టి మాత్రం 3.5 నుంచి తెచ్చుకోండి. 3.5 ఎక్స్‌పీ కోత నచ్చకపోతే తీసేయండి, 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఆట తీసేసింది, ఏమీ కూలిపోలేదు.

గోలెం చేతికొచ్చాక ప్లేయర్లు చేసే మొదటి పొరపాటు దాని మీద హేస్ట్ (వేగం పెంచేది), బుల్స్ స్ట్రెంత్ (బలం పెంచేది) వేయడం. 3.5లో స్పెల్ రెసిస్టెన్స్ (స్పెల్‌ని అడ్డుకునే శక్తి) వర్తించే ఏ స్పెల్ అయినా దానికి అంటదు, సాయం చేసేవి కూడా. మేజ్ ఆర్మర్ (రక్షణ స్పెల్)కి స్పెల్ రెసిస్టెన్స్ వర్తించదు కాబట్టి అది పనిచేస్తుంది. దెబ్బలు వాటంతటవి మానవు. క్రాఫ్ట్ కన్‌స్ట్రక్ట్ ఉన్నవాడు రోజుకి 20 పాయింట్ల దాకా, పాయింటుకి 50 జీపీ చొప్పున బాగుచేయాలి. 107 హిట్ పాయింట్ల (ఎంత దెబ్బ తట్టుకుంటుందో చెప్పే లెక్క) స్టోన్ గోలెం దాదాపు అడుగంటితే ఆరు రోజులు, 5,000 జీపీ పైనే. లేదా ట్రాన్స్‌మ్యూట్ మడ్ టు రాక్ (బురదని రాయిగా మార్చే స్పెల్) ఒక్కసారి వేస్తే మొత్తం నిండిపోతుంది. ఐరన్ గోలెం మీద నిప్పు పడితే తగలాల్సిన ప్రతి మూడు పాయింట్ల దెబ్బకీ ఒక పాయింటు తిరిగొస్తుంది, కాబట్టి శత్రువుల మధ్యలో దాన్ని నిలబెట్టి ఫైర్‌బాల్ వేయడం సరైన ఎత్తే. ప్లేయర్ అది కనిపెడితే అడ్డుపడకండి. శత్రువుల్లో ఎవరికైనా మెరుపు స్పెల్ ఇవ్వండి, మూడు రౌండ్లు దాని కాళ్లు నెమ్మదిస్తాయి.