లైకులు చూపిస్తారు, జీతాలు దాస్తారు

పనికిరాని వీడియో ఏదైనా వైరల్ అయినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: జనానిది గొర్రెదాటు. ఆఫీసుల్లోనూ మేనేజర్ల నోట ఇదే మాట వేరే రూపంలో వస్తుంది. టీమ్‌లో ఒకరు నెమ్మదిస్తే అందరూ నెమ్మదిస్తారు, ఒకరికి హైక్ ఇస్తే అందరూ వచ్చి అడుగుతారు అంటారు. రెండు చోట్లా తప్పు జనం మీదికే పోతోంది. నేను ఒప్పుకోను. నలుగురిలో ఉన్న మనిషి తన కంటికి కనిపించేదాన్ని బట్టి నడుచుకుంటాడు. ఏది కనిపించాలో, ఏది కనిపించకూడదో అంతకు ముందే ఎవరో తేల్చి పెట్టారు. మనం నిలదీయాల్సింది వాళ్లను.

2006లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు ఒక వెబ్‌సైట్ పెట్టి, పెద్దగా పేరు లేని బ్యాండ్ల పాటలు 48 అందులో ఉంచారు. 14 వేల మందికి పైగా వచ్చి విన్నారు. కొందరికి పాటల పేర్లు, బ్యాండ్ల పేర్లు మాత్రమే కనిపించాయి. మిగిలినవాళ్లను ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో ఆ అంకె కూడా చూపించారు. అంకె కనిపించిన చోట హిట్ పాటలు మరీ పెద్ద హిట్లయ్యాయి, వెనకబడినవి మరీ వెనకబడ్డాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, హిట్టయ్యే పాట గుంపుకో రకంగా మారిపోయింది. అంకెలు చూడనివాళ్ల లెక్కలో 26వ స్థానంలో ఉన్న ఒక పాట, ఒక గుంపులో మొదటి స్థానానికి ఎక్కింది, ఇంకో గుంపులో 40వ స్థానానికి పడిపోయింది. పాట అదే, వినేవాళ్లూ అలాంటివాళ్లే. ముందొచ్చిన కొద్దిమంది ఎటు మొగ్గారన్నదాన్ని బట్టి మిగతాదంతా నడిచింది.

మరి పేరొచ్చినవాడికి ప్రతిభ లేదా? ఉండొచ్చు. మరీ చెత్త పాటలు అరుదుగా పైకొచ్చాయి, చాలా మంచివి అరుదుగా అడుగున పడ్డాయి. కానీ మధ్యలో ఉన్న పెద్ద గుంపు తలరాత మాత్రం ఆ అంకె చేతిలోనే ఉంది. మనలో ఎక్కువమందిమి ఆ మధ్యలోవాళ్లమే.

ఈ సంగతి ప్లాట్‌ఫామ్‌ల యజమానులకు బాగా తెలుసు. ఫేస్‌బుక్ లైక్ బటన్ 2009లో వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ 2019లో లైకుల అంకెను దాచి చూసింది, 2021లో దాన్ని ఆఫ్ చేసుకునే వీలు వాడేవాళ్లకే వదిలేసింది. అంటే స్విచ్ ఉంది, పనిచేస్తుంది కూడా. మనంతట మనం వెతుక్కుని నొక్కకపోతే అంకె కనిపిస్తూనే ఉంటుంది. గుంపు చూపు ఒకచోట చేరితే డబ్బు వచ్చేది వాళ్లకే కదా.

ఇప్పుడు ఆఫీసు సంగతి. 1931 నవంబర్ నుంచి 1932 మే దాకా షికాగో దగ్గరి హాథోర్న్ ఫ్యాక్టరీలో 14 మంది కార్మికులను ఒక గదిలో విడిగా ఉంచి గమనించారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ పరికరాలకు వైర్లు బిగించి సోల్డరింగ్ చేసే పని. జీతం గుంపు మొత్తం చేసిన పనిని బట్టి వస్తుంది, కాబట్టి ఎంత ఎక్కువ చేస్తే అందరికీ అంత లాభం. అయినా రోజుకు రెండు పరికరాలు చాలని వాళ్లలో వాళ్లు ఒక మాట మీద ఉన్నారు. ఎవడైనా అంతకు మించి స్పీడ్ పెంచితే పక్కవాడొచ్చి జబ్బ మీద గట్టిగా ఒక గుద్దు గుద్దేవాడు. మరీ తక్కువ చేసినవాడికీ మాటలు పడేవి. పైఅధికారికి చాడీలు చెప్పేవాణ్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు.

దీన్ని సోమరితనమని చదివినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు అలా కనిపించదు. ఈరోజు ఎక్కువ చేసి చూపిస్తే రేపు రేటు తగ్గిస్తారని, లేదంటే కొందరిని ఇంటికి పంపేస్తారని వాళ్ల భయం. బయట మాంద్యం నడుస్తోంది. వాళ్లు చేసిన పని ఎంతో మేనేజ్‌మెంట్‌కు రోజూ కనిపిస్తుంది. మేనేజ్‌మెంట్ రేపు రేటు ఏం చేస్తుందో వాళ్లకు కనిపించదు. అటువంటి చోట ఎక్కువ కనిపించకుండా ఉండటమే తెలివైన పని, అది ఒక్కడి వల్ల కాదు, అందరూ కలిసి చేయాలి. ఆ గుద్దు అందుకే.

ఆర్థికవేత్తలు ఒరియానా బండియెరా, ఇవాన్ బరాంకే, ఇమ్రాన్ రసూల్ 2005లో బ్రిటన్‌లోని ఒక పళ్ల తోట లెక్కలు బయటపెట్టారు. అక్కడ కూలి రేటు అందరి సగటును బట్టి కట్టేవారు. ఒకరు ఎక్కువ కోస్తే మిగతావాళ్లకు వచ్చేది తగ్గుతుంది. చుట్టుపక్కల స్నేహితులుంటే చేతులు నెమ్మదించేవి. కోసినదానికి ఇంత అని రేటు మార్చాక పని కనీసం 50 శాతం పెరిగింది. నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఇంకొకటి ఉంది. పొదలు ఎత్తుగా పెరిగి ఒకరికొకరు కనిపించని చోట, పాత పద్ధతిలో కూడా ఆ నెమ్మది లేదు! స్నేహం అక్కడా ఉంది, చూపు మాత్రం అడ్డుపడింది. అమెరికా సూపర్‌మార్కెట్ క్యాషియర్ల మీద 2009లో వచ్చిన పరిశోధనలోనూ ఇదే తేలింది. చురుకైన క్యాషియర్ చూపు తమ మీద పడేచోట ఉన్నవాళ్లు వేగం పెంచారు. వాళ్లే ఆ చురుకైన మనిషిని చూస్తున్నప్పుడు మాత్రం తేడా రాలేదు.

ఉద్యోగుల్ని వరసపెట్టి, ఇంతమంది పైన, ఇంతమంది అడుగున అని రేటింగులిచ్చే బెల్ కర్వ్ పద్ధతి కూడా ఆ తోటలోని పాత కూలి లెక్కలాంటిదే. మైక్రోసాఫ్ట్ అలాంటి ర్యాంకింగ్‌ను 2013లో వదిలేసింది. పక్కవాడికి సాయం చేస్తే నా ర్యాంకు పడుతుందనే చోట ఎవరు సాయం చేస్తారు?

అసలు విషయానికి వస్తాను. జీతాల్లో గొర్రెదాటు నిజంగా చూడాలంటే సీఈఓలను చూడాలి. అమెరికాలో స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలు తమ పెద్ద అధికారుల జీతాలు బయటపెట్టి తీరాలి. దాంతో ప్రతి బోర్డూ తనలాంటి కంపెనీల జాబితా ఒకటి తయారుచేసుకుని, మన సీఈఓకు ఆ జాబితా మధ్య స్థాయికైనా, వీలైతే అంతకు పైనైనా ఇవ్వాలంటుంది. అందరూ మధ్యకు పైనే ఉండాలనుకుంటే ఆ మధ్య ఏటేటా పైకి జరుగుతుంది. ఒకరిని చూసి ఒకరు పెంచుకుంటూ పోతున్నారు. దాన్ని మార్కెట్ రేటు అంటారు. కింది ఉద్యోగులు ఇద్దరు పే స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూసుకుంటే మాత్రం చాలా కంపెనీల దృష్టిలో అది క్రమశిక్షణ తప్పడం, కాన్ఫిడెన్షియల్ సమాచారం బయటపెట్టడం!

లిల్లీ లెడ్‌బెటర్ సంగతి గుర్తు చేస్తాను. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గుడ్‌ఇయర్ టైర్ల ప్లాంట్‌లో 1979 నుంచి పనిచేసింది. 1998లో ఎవరో పేరు రాయకుండా ఒక చీటీ పెట్టి వెళ్లారు. అందులో ఆమె జీతం, అదే హోదాలో ఉన్న మగవాళ్ల జీతాలు ఉన్నాయి. ఆమెకు నెలకు 3,727 డాలర్లు. ఆ హోదా మగవాళ్లలో అందరికన్నా తక్కువ వచ్చేవాడికి 4,286, ఎక్కువ వచ్చేవాడికి 5,236 డాలర్లు. కోర్టుకు వెళ్లింది. జీతం నిర్ణయించిన 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయలేదు కాబట్టి కుదరదని 2007లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. పక్కవాడి జీతం ఎంతో తెలియని మనిషి 180 రోజుల్లో ఏమని ఫిర్యాదు చేస్తుంది? 2009లో ఒబామా సంతకంతో ఆమె పేరిటే చట్టం వచ్చింది. తన బకాయి మాత్రం ఆమెకు చివరిదాకా రాలేదు.

జీతాలు తెలిస్తే అసంతృప్తి పెరుగుతుందన్న వాదన ఉంది, దానికి ఆధారమూ ఉంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ ఉద్యోగుల మీద 2012లో వచ్చిన పరిశోధనలో, తోటివాళ్లకన్నా తక్కువ వస్తోందని తెలిసినవాళ్లు బాధపడ్డారు, వేరే ఉద్యోగం వెతకాలనుకున్నారు. ఎక్కువ వస్తోందని తెలిసినవాళ్లకు కొత్తగా సంతోషమేమీ పెరగలేదు. నిజమే. అయితే ఆ బాధ జీతాలు తెలిసినందుకు వచ్చింది కాదు, తక్కువ ఇచ్చినందుకు వచ్చింది. తెలియకుండా ఉంచితే ఉద్యోగి ప్రశాంతంగా ఉంటాడనే లెక్క యజమానికి లాభం. ఆ ప్రశాంతత ఖరీదు ప్రతి నెలా ఉద్యోగి జీతంలోంచే పోతోంది.

యూరోపియన్ యూనియన్ 2023లో జీతాల మీద ఒక డైరెక్టివ్, అంటే సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఆదేశం, తెచ్చింది. దాన్ని అమలుచేయడానికి 2026 జూన్ 7ను గడువుగా పెట్టింది. సమానమైన పని చేసే ఆడవాళ్ల, మగవాళ్ల సగటు జీతాలు ఎంతో అడిగి తెలుసుకునే హక్కు ఉద్యోగికి ఇచ్చింది. ఉద్యోగంలో చేరబోయేవాళ్లకు జీతం ఎంతలో ఉంటుందో ముందే చెప్పాలంది. జీతం బయటికి చెప్పొద్దనే షరతులు పెట్టకూడదంది. మిగతాచోట్ల చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే అప్రైజల్‌కు ముందు మీ గ్రేడ్‌లో కనీస జీతం ఎంత, గరిష్ఠం ఎంత, సగటు ఎంత అని హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి. ఒక్కరు అడిగితే ఆ ఒక్క పేరూ గుర్తుపెట్టుకుంటారు. అందుకే మెయిల్ కింద టీమ్ అందరి పేర్లూ ఉండాలి.