ఈ ఏడూ ఉత్తమ హాస్యనటుడు పనివాడే

పరిషత్తు నాటక పోటీల ఆహ్వానం వచ్చేసింది. ఎన్నికల ఫలితాలు ముందే చెప్పేవాళ్లు వీధికి పదిమంది, క్రికెట్‌కి ఇంటికొకరు. నాటక పోటీలకు జోస్యం చెప్పే నాథుడు మాత్రం విజయనగరం మొత్తం మీద కనిపించడు. ఇంత కళాభిమానం ఉన్న ఊరికి ఇది పెద్ద లోటు. ఆ లోటు తీర్చడం నా బాధ్యతగా భావించి, ఇంకా ఒక్క నాటికా ఆడకముందే, మార్కులు వేసే గుణనిర్ణేతలు ఇంకా రైలు టికెట్లు తీసుకోకముందే, బహుమతుల జాబితా ఇక్కడ ప్రకటిస్తున్నాను. వాళ్లు కావాలంటే దీన్నే చదివేసి, భోంచేసి వెళ్లిపోవచ్చు.

ఉత్తమ ప్రదర్శన: వృద్ధాశ్రమం. ఏ వృద్ధాశ్రమం అని అడక్కండి. పోటీకి వచ్చిన నాటికల్లో సగం అక్కడే జరుగుతాయి కాబట్టి ఏదో ఒకటి తగులుతుంది. ఉత్తమ ద్వితీయ ప్రదర్శన: రెండో వృద్ధాశ్రమం. ఉత్తమ నటుడు: మంచం మీద దగ్గుతూ పోయే తండ్రి. ఇద్దరు తండ్రులు పోటీపడితే ఎవరి దగ్గు పొడుగో చూస్తారు. ఉత్తమ ప్రతినాయకుడు: అమెరికా కొడుకు. స్టేజీ మీదికి రానక్కర్లేదు, ఫోన్ మోగితే చాలు. రంగోద్దీపనం: తండ్రి పోగానే ఎర్ర లైటు వేసినవారికి. సంగీతం: అదే సమయానికి వేణువు వినిపించినవారికి.

ఇవన్నీ చిన్న విషయాలు. అసలు ఘట్టం ఉత్తమ హాస్యనటుడు. ఈ బహుమతి ఎవరికి వస్తుందో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు, కరపత్రంలో పాత్రల పేర్లు చూస్తే చాలు. అప్పలస్వామి అని ఉందా? అతనికే. అప్పలస్వామి లేకపోతే సింహాచలం. కొత్తదనం కోసం రాత్రంతా ఆలోచించిన రచయిత అయితే పైడితల్లి. ఒకరిది కొండ మీద కొలువైన అప్పన్న పేరు, ఒకరిది మూడు లాంతర్ల దగ్గర గుడి ఉన్న అమ్మవారి పేరు. ఊరు ఊరంతా అమ్మవారి జాతరలో సిరిమాను కింద చేతులెత్తి మొక్కే ఆ పేరు స్టేజీ ఎక్కేసరికి చంకలో చీపురు, భుజాన తువ్వాలు వచ్చి చేరతాయి. రిటైర్డ్ హెడ్మాస్టరు పేరు ఏనాడైనా అప్పలస్వామి అని విన్నారా? ఆయన రాఘవరావుగారు. ఎప్పుడూ రాఘవరావుగారే.

ఇక అప్పలస్వామి నోట్లోంచి వచ్చేదాన్ని శ్రీకాకుళం యాస అంటారు. అది ఎక్కడ మాట్లాడతారో నాకు ఇప్పటికీ తెలియలేదు. శ్రీకాకుళంలో మాత్రం కాదు. తయారీ విధానం తేలిక. మామూలు వాక్యం ఒకటి తీసుకోవాలి. ముందు ‘ఏటి’ తగిలించాలి, చివర ‘బావూ’ అతికించాలి, మధ్యలో ‘ల’ కనబడితే ‘న’ చేసెయ్యాలి. లేదు నేదవుతుందని ఎవరో చెప్పుంటారు, దాంతో ఒకాయన పెళ్లివారికి ఏకంగా నడ్డూలు పట్టుకొచ్చాడు. హాలు ఘొల్లుమంది. బొబ్బిలి మాట పలాస మాట కాదని, పార్వతీపురం వైపు తీరు వేరని, ఇచ్ఛాపురం చేరేసరికి ఒరియా గాలి తగులుతుందని ఆయనకి చెప్పేవాళ్లెవరు? చెప్పినా ఏం లాభం, బహుమతి నడ్డూలకే వచ్చింది.

ఈ రంగంలో నేను చూసిన మహాప్రదర్శన ఒకటి ఉంది. ఏ పరిషత్తులోనో చెప్పను, మళ్లీ పిలవరు. కథ శ్రీకాకుళం జిల్లాలో ఓ పల్లెటూరు. తెర లేచేసరికి సోఫా, దాని వెనక గాంధీగారి ఫోటో. రాఘవరావుగారు ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊళ్లోనే పంతులుగిరీ చేసి, ఆ ఊళ్లోనే రిటైరైన మనిషి. ఆయన మొదటి మాట: “విలువలు నశించిపోతున్నాయి జానకీ!” భార్య పక్క ఊరి పిల్ల. ఆవిడ జవాబు: “అవునండీ, మానవ సంబంధాలు కనుమరుగైపోతున్నాయండీ.” పెద్ద కొడుకూ అంతే, కూతురూ అంతే. ఇంటికొచ్చే కరణంగారూ, అప్పు అడగొచ్చిన బంధువూ అంతా పాఠ్యపుస్తకం మింగి వచ్చినట్టే మాట్లాడతారు. అదే నీళ్లు తాగి, అదే ఎండలో తిరిగి, అదే ఇంటి చూరు కింద పడుకున్న అప్పలస్వామి ఒక్కడు మాత్రం లోపల్నుంచి వచ్చి, “ఏటి బావూ, కాపీ తెమ్మంతారేటి?” అంటాడు. చప్పట్లు. మళ్లీ వస్తాడు, మళ్లీ అదే అడుగుతాడు. మళ్లీ చప్పట్లు. ఒక గంట నాటికలో ఆ ఇంట్లో కాసిన కాఫీకి పాలు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని నాకు దిగులు పట్టుకుంది.

అలా నడుస్తూ ఉండగా, టైమ్ అయిపోవస్తోందని గంట కొట్టబోయే ముందు, జానకమ్మగారు అప్పలస్వామి చెయ్యి పట్టుకున్నారు. మోచేతి దగ్గర పుట్టుమచ్చ. ఇరవై ఏళ్ల కిందట తుఫానులో తప్పిపోయిన చిన్న కొడుకు చేతి మీద కూడా సరిగ్గా అక్కడే ఉండేదట. ఎర్ర లైటు. వేణువు. మా వరసలో ఆడవాళ్లు కొంగులు తీశారు. అప్పలస్వామి చీపురు కింద పడేశాడు. “ఓలమ్మ...” అని మొదలుపెట్టాడు. అక్కడే ఆ అద్భుతం జరిగింది. సగంలో గొంతు సవరించుకుని, ఛాతీ విరిచి, “అమ్మా! ఇన్నేళ్ల నా నిరీక్షణ నేటికి ఫలించిందమ్మా! ఈ అనాథకు మాతృమూర్తి దర్శనభాగ్యం కలిగిందమ్మా!” అన్నాడు. ‘ణ’ పలికింది, ‘థ’ పలికింది, ‘భా’ అయితే చివరి వరసదాకా పలికింది. తువ్వాలు తీసి విసిరేశాడు. యాస తువ్వాల్లో ఉందన్నమాట.

నేను దీని గురించి చాలా కాలం ఆలోచించాను. పుట్టుమచ్చ బయటపడగానే భాష బాగుపడిందంటే, వాడు పుట్టుకతోనే ‘నిరీక్షణ’తో పుట్టి ఉండాలి. ఇరవై ఏళ్లపాటు దాన్ని ఎక్కడ దాచాడు? కాఫీ అడిగేటప్పుడు ఒక్కసారైనా పొరపాటున నోరు జారలేదా? డాక్టర్లు ఈ కేసు తీసుకోవాలి. మరో చిక్కు కూడా ఉంది. చివర్లో తేలిందేమంటే, ఆ పెద్ద కొడుకు అసలు కొడుకు కాదట, తుఫాను రాత్రి పనిమనిషి వదిలి వెళ్లిన బిడ్డట. ఇది విన్న నా పక్క కుర్చీ పెద్దాయన, కళ్లజోడు తుడుచుకుంటూ, చాలా మామూలుగా అడిగాడు: “అయితే ఆ పెద్దోడికి ఇప్పుడేటి బాస ఒస్తాది?” ఆ రాత్రి హాల్లో నాటకం అర్థమైనవాడు ఆయనొక్కడే.

పెద్ద కొడుక్కి ఏ యాసా రాలేదు, అప్పటికే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చేసింది కాబట్టి. తెర పడింది. అప్పలస్వామికి ఉత్తమ హాస్యనటుడు. ముఖ్య అతిథి శాలువా కప్పి, “మన ఉత్తరాంధ్ర మాండలికాన్ని బతికిస్తున్న మహానటుడు” అన్నారు. ఆ నటుడు వినయంగా తల వంచాడు. మన మాండలికం తల వంచుకోవడం కొత్తేమీ కాదు.

ఇదంతా ఏ ఊళ్లో? 1892లో ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శించిన ఊళ్లో. గురజాడ ఇల్లు ఉన్న ఊళ్లో. ఆ నాటకం మొదలయ్యేదే మన బొంకులదిబ్బ దగ్గర. అందులో అగ్రహారం అగ్రహారంలా మాట్లాడుతుంది, పూటకూళ్లమ్మ పూటకూళ్లమ్మలా తిడుతుంది, మధురవాణి నోరు విప్పితే ఎదుటివాడు మూసుకుంటాడు. మనం నవ్వేది గిరీశాన్ని చూసి. అంటే అవసరం లేని చోట ఇంగ్లీషు దంచే మనిషిని చూసి. నూట ముప్పై ఏళ్ల కిందటే ఎవరిని చూసి నవ్వాలో ఈ ఊరికి ఒకాయన నేర్పించి పోయాడు. మనం ఏటా ఆయన విగ్రహానికి దండ వేసి, హాల్లోకి వెళ్లి, చీపురు పట్టుకున్నవాణ్ణి చూసి నవ్వుతున్నాం.

ఇక్కడ నాకు నవ్వు రావట్లేదు.

ఒక పోటీలో మన పిల్లలే వేసిన చిన్న నాటిక ఒకటి చూశాను. జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల కథ. పలాస జీడిపప్పు మనందరం తిన్నాం. పిక్క ఒలిచేటప్పుడు కారే జీడి చేతుల్ని ఎలా కాల్చేస్తుందో తెలిసినవాళ్లు తక్కువ. ఆ ప్రధాన పాత్ర వేసినావిడ వేళ్ల కొసలు నల్లగా రంగు వేసుకుని వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతుల్ని కొంగులో దాచుకుంటూ, అన్నం కలిపేటప్పుడు మాత్రం తప్పక బయటికి తీస్తూ ఉంది. కొడుకు ఆ చేత్తో కలిపిన ముద్ద వద్దంటాడు. “నా సేతులు సూసి నీకు ఎగటుగుందేటిరా? ఈ సేతుల్తోనేరా నిన్ను సదివించినాను” అంటుంది. అరవలేదు. ఏడవలేదు. హాల్లో ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఆ మాట తమాషాకి మాట్లాడిన మాట కాదు, మనింట్లో మాట.

ఆ నాటికకు ఏ బహుమతీ రాలేదు. ఆఖరి రోజు గుణనిర్ణేతల్లో ఒకాయన మైకు పట్టుకుని సలహా ఇచ్చారు: వాచికంలో, అంటే మాట పలికే తీరులో, మార్కులు తగ్గాయి, యాస కొంచెం తగ్గించుకుంటే అందరికీ అర్థమవుతుంది అని. ఎవరికి అర్థం కాలేదు? విజయనగరంలో కూర్చున్న విజయనగరం జనానికా? మూడు జిల్లాల అవతలినుంచి ఏసీ బోగీలో వచ్చి, స్వీటూ కారా తింటూ మార్కులు వేసే మీకు అర్థం కాకపోతే, తప్పు పలాసదా? నడ్డూలు అర్థమయ్యాయి కదా మీకు? దానికి పూర్తి మార్కులు వేశారు కదా?

నవ్వించడానికైతే మా నోరు కావాలి, ఏడవడానికైతే వద్దు. ఇదీ మీ పరిషత్తు రూలు. గుజరాత్‌లోని వెరావల్ నుంచి చేపల వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మన ఉత్తరాంధ్ర జాలర్లు 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. అన్నాళ్లూ ఇక్కడ తీరాన కూర్చున్న ఆడవాళ్లు ఏ భాషలో ఏడ్చారనుకుంటున్నారు? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరి చెట్లూ జీడి చెట్లూ పీకేసి పోతే, మరునాడు తోటలోకి వెళ్లిన రైతు “విలువలు నశించిపోతున్నాయి జానకీ” అన్నాడా? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు పాడై డయాలసిస్‌కి పోయే మనిషి నర్సుతో ఏ వాచికంలో మాట్లాడతాడు? మీరు ఆ ఉద్దానం మీద కూడా నాటిక రాస్తారు, నాకు తెలుసు. అందులో రోగి చక్కటి పాఠ్యపుస్తకం భాషలో పోతాడు. వాణ్ణి మోసుకెళ్లే వార్డుబాయ్ మాత్రం “ఏటి బావూ” అంటాడు. హాస్యనటుడికి బహుమతి.

బయటివాళ్లనే ఏం అనాలి? మన నాటక సమాజాల రిహార్సళ్లు కూడా చూశాను. ఇంట్లోంచి తిన్నగా వచ్చిన మన కుర్రాడు, డైలాగు తన నోటికి వచ్చినట్టు చెప్తే, మన దర్శకుడే ఆపేస్తాడు. “ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడకురా, ఇది నాటకం” అంటాడు. ఆ దర్శకుడు టీ తాగడానికి బయటికొచ్చి, “నాకు పంచదార ఎయ్యొద్దని సెప్పినానా నేదా?” అని కొట్టువాడి మీద విరుచుకుపడతాడు. అద్భుతమైన వాచికం. రాఘవరావుగారి పాత్ర అలా వేయించొచ్చు కదా బాబూ! ఆయన కూడా ఈ నేల మీద పుట్టినవాడే కదా! మన హెడ్మాస్టర్లు, మన ప్లీడర్లు, మన డాక్టర్లు ఇంటికి పోయి అమ్మతో ఎలా మాట్లాడతారో ఒక్కసారి స్టేజీ మీద వినిపించండి చూద్దాం.

సరే, జోస్యంలో మిగిలినవి తొందరగా చెప్పేస్తాను. ఉత్తమ నటి: మూడు సమాజాలకి మూడు నాటికల్లో వేసే ఆవిడకే, ఏదో ఒకదానికి. ఇది న్యాయమే. పగలు ప్రయాణం, రాత్రి వేషం, మధ్యలో ముగ్గురు దర్శకుల మూడు రకాల ‘భాష’, ఇవన్నీ ఒక్క గొంతులో మోసేది ఆవిడే. పారితోషికం మీద సమాజం వాళ్లు గీచి గీచి బేరమాడేదీ ఆవిడతోనే. మేకప్ గదికి తలుపు గడియైనా పెట్టించలేని నిర్వాహకులు ఆవిడకి జ్ఞాపిక ఇస్తూ స్త్రీశక్తి మీద మాట్లాడతారు. ఉత్తమ రచన: ‘మానవ సంబంధాలు’ అనే మాట ఎక్కువసార్లు వాడినవారికి. ప్రత్యేక జ్యూరీ బహుమతి: హాలుకి విరాళం ఇచ్చినవారి మేనల్లుడికి. ఆనందగజపతి ఆడిటోరియంలో ఆడినా, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లో ఆడినా ఈ జాబితాలో మార్పుండదు.

అనుమానం ఉన్నవాళ్లతో పందేనికి సిద్ధం. ఈ ఏడు హాస్యనటుడి బహుమతి చీపురు లేని పాత్రకి వస్తే, లేదా మన మాటతో ఏడిపించిన మనిషికి వాచికంలో పూర్తి మార్కులు పడితే, నేను ఓడినట్టే. ఓడితే ఆఖరి రోజు సభ మొత్తం ముందు వరసలో కూర్చుని వింటాను. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, విశిష్ట అతిథి ప్రసంగం, ఆత్మీయ అతిథి ప్రసంగం, వందన సమర్పణ, అన్నీ. మధ్యలో టీకి కూడా లేవను.