సవరణ: ల్యూమెన్లు, లక్స్, లైట్ల లెక్క

ల్యూమెన్ల గురించిన గత పోస్టులో గదికి కావలసిన లైట్ల సంఖ్యకు "లక్స్ × వైశాల్యం ÷ ఒక్కో లైటు ల్యూమెన్లు" అని రాశాం. అది తప్పు. భాగహారంలో రెండు గుణకాలు వదిలేశాం.

లైటు నుంచి వెలువడే కాంతి మొత్తం ల్యూమెన్లు. చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లే లక్స్. వెలువడినదంతా బల్ల మీదికి చేరదు. గోడలు, సీలింగ్ కొంత మింగేస్తాయి. చేరే వంతును వినియోగ గుణకం అంటారు. దుమ్ము, ఎల్ఈడీ వయసు వల్ల తగ్గేదానికి నిర్వహణ గుణకం.

6 × 5 మీటర్ల ఆఫీసు గది, 500 లక్స్, 3000 ల్యూమెన్ల లైట్లు అనుకుందాం. పాత సూత్రంతో 500 × 30 = 15000 ÷ 3000, అంటే 5 లైట్లే వస్తాయి. గుణకాలు 0.6, 0.8 అయితే 15000 ÷ (3000 × 0.6 × 0.8) = 10.4, అంటే కనీసం 11. వరుసలు సమంగా కుదరాలంటే 12 పెట్టడం మేలు. ఐదింటితో సగటున 240 లక్సే దక్కుతుంది.

వినియోగ గుణకాన్ని ఊహించకండి, తయారీదారు పట్టికలోంచి తీసుకోండి. ఆ పట్టికలో వెతకడానికి ముందు గది సూచిక, అంటే గది కొలతల నిష్పత్తిని చెప్పే సంఖ్య కావాలి: పొడవు × వెడల్పు ÷ (ఎత్తు × (పొడవు + వెడల్పు)). ఇక్కడ ఎత్తంటే నేల నుంచి కాదు, బల్ల మట్టం నుంచి లైటు దాకా. చాలామంది జారేది ఇక్కడే. ఆ దూరం 2 మీటర్లయితే సూచిక 1.36.