అప్పుకు సాక్షులున్నారు, తీర్చేవాడికే లేరు

ప్రామిసరీ నోటు రాయించుకునే తతంగం మనలో చాలామంది చూసిందే. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, కింద ఇద్దరు సాక్షులు, వీలైతే మధ్యలో ఒక పెద్దమనిషి. మూడేళ్లు నిండితే నోటు మురిగిపోతుందని మళ్లీ పిలిపించి, వెనకవైపు ఎంతో కొంత చెల్లు వేయించి దాన్ని బతికించుకునేటప్పుడు కూడా పక్కన మనుషులుంటారు. అదే అప్పు తీర్చడం మొదలుపెట్టినవాణ్ని చూడండి. భార్యకు సగమే చెబుతాడు. అన్నదమ్ములకు అదీ చెప్పడు. ఫోన్ మోగితే మేడమీదకి వెళ్లి మాట్లాడతాడు. అప్పు పుట్టడానికి నలుగురు కావాలి గానీ, దాన్ని కాటికి మోసేది మాత్రం ఒక్కడే.

ఈ ఒంటరితనమే అప్పిచ్చినవాడి అసలు పెట్టుబడి అని నేనంటాను. వడ్డీ రేటు ఆ తర్వాతి సంగతి.

2020 డిసెంబరులో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల వేధింపులు, ఆత్మహత్యలు, కాల్‌సెంటర్ల మీద పోలీసుల సోదాలు అందరికీ గుర్తున్నవే. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు కార్యబృందాన్ని వేసింది. 2022లో డిజిటల్ రుణాలకు మార్గదర్శకాలు వచ్చాయి. వసూలు ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదన్న ఆదేశమూ అదే ఏడాదిది. అవన్నీ పత్రికల్లో చదివినవే కాబట్టి పక్కన పెడదాం. అసలు ఆ యాప్‌ల దగ్గర తాకట్టు ఏముందో ఎప్పుడైనా ఆలోచించారా? పొలం కాగితాల్లేవు, బంగారం లేదు, పూచీ పడిన మనిషి లేడు. ఉన్నదల్లా మన ఫోన్‌లోని పేర్ల జాబితా. మేనమామ, పాత ఆఫీసు మేనేజరు, పిల్లాడి ట్యూషన్ టీచరు. వాళ్లందరికీ ‘ఇతను దొంగ’ అని ఒక మెసేజ్ వెళ్తుందన్న భయం, అంతే. మూడు వేల అప్పుకి ముప్పై వేలు కట్టించగలిగేది ఆ భయమే.

ఇప్పుడు అదే మెసేజ్ మేనమామకు వెళ్లిందనుకోండి. ఆయనకు ముందే తెలుసనుకోండి. ‘అవును, మావాడికి అప్పుంది, నెలనెలా కడుతున్నాడు, ఇంతకీ తమరెవరు?’ అంటాడు. తాకట్టు వస్తువు ఆ క్షణాన గిల్టుదైపోయింది. పోలీసు రాలేదు, కోర్టు రాలేదు, యాప్‌ను ఎవరూ నిషేధించలేదు. ఒక్క మేనమామకు ముందుగా చెప్పడంతో పనైపోయింది. ఇంత చవకైన మందు చేతిలో పెట్టుకుని మనం పదేళ్లుగా ‘ఆర్థిక క్రమశిక్షణ’ మీద ఉపన్యాసాలు వింటున్నాం.

పోనీ ఎవరి దగ్గర దాస్తున్నాం? 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తమ్మీద లెక్క 50.2 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో సగటు అప్పు కుటుంబానికి 2.45 లక్షలు, దేశంలోకెల్లా ఎక్కువ. అంటే ఊరి రచ్చబండ మీద పదిమంది రైతులు కూర్చుంటే తొమ్మిదిమందికి అప్పుంది. ఆ తొమ్మిదిమందీ తమకు లేనట్టే పదోవాడి ముందు నటిస్తుంటారు. ఆ పదోవాడూ వీళ్ల సంగతి తెలియనట్టు నటిస్తాడు.

నలుగురికి తెలియడంలో ఉన్న బలాన్ని మనకంటే ముందు కనిపెట్టినవాళ్లు మైక్రోఫైనాన్స్ వాళ్లు. ఐదుగురు ఆడవాళ్లను గ్రూపు కట్టి, ఒకరు కట్టకపోతే మిగతా నలుగురూ కట్టాలన్నారు. తోటి ఆడవాళ్లే కట్టలేని మనిషి గుమ్మంలో కూర్చున్న రోజులు చూశాం. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆపేదాకా అది నడిచింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు ఆ చట్టం వర్తించదని చెప్పడంతో దారి మళ్లీ తెరుచుకుంది. తిరిగొస్తున్న సంస్థలను తిట్టడం నా ఉద్దేశం కాదు. నేనడిగేది వేరు. అదే ఐదుగురు, అదే చాప, అదే వాకిలి. నిలదీయడానికి పనికొచ్చిన కూటమి నిలబెట్టడానికి ఎందుకు పనికిరాదు?

పనికొస్తుందనడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. మన పొదుపు సంఘాల్లో నెలనెలా మీటింగు ఉంది, తీర్మానాల పుస్తకం ఉంది, లెక్క చదివి వినిపించే అలవాటు ఉంది. ఆ పుస్తకంలో లేనిదల్లా బయటి అప్పు. గ్రూపు అప్పు కిస్తీ ఠంచనుగా కడుతున్న మనిషి, ఆ కిస్తీ కోసమే నూటికి ఐదు రూపాయల వడ్డీకి రోజువారీ వసూలు చేసే గిరిగిరి వాడి దగ్గర తెచ్చిందన్న సంగతి ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. ‘బయట నీకెంతుందక్కా?’ అని ఒక్క ప్రశ్న అజెండాలో చేర్చి, నెలనెలా అది ఎంత తగ్గిందో చదివితే చాలు. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే మూడేళ్లలో వడ్డీయే 1,08,000. ఈ లెక్క తెలియనివాళ్లెవరూ లేరు. పైకి చదివి వినిపించేవాళ్లే లేరు.

రోజువారీ బతుకు సంగతికొద్దాం. అప్పు తీరుస్తున్న ఇంటిని మన బంధుగణం ఎలా చూస్తుందో గమనించారా? ఆదివారం చికెన్ తెస్తే ‘అప్పులు పెట్టుకుని మళ్లీ ఇదొకటా’. పిల్లను ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్తే ‘డబ్బుల్లేవన్నాడుగా’. అదే మనిషి అప్పు చేసి ఆరొందల మందికి ఫంక్షన్ హాల్లో భోజనం పెట్టినప్పుడు ‘ఘనంగా చేశాడు’ అన్నదీ ఈ నోరే. అప్పు చేసి పప్పుకూడు తింటున్నాడని సామెత ఎత్తుకుంటాం గానీ, ఆ పప్పుకూడు రెండోసారి వడ్డించుకుని తిన్నది మనమే. ఐదేళ్ల పాటు సాగే తిరుగుదారిలో మనిషి నవ్వకూడదు, తినకూడదు, పండక్కి చొక్కా కొనుక్కోకూడదంటే ఏ మనిషీ ఆ దారిలో నిలవడు. మధ్యలో తెగించి ఇంకో అప్పు చేస్తాడు. నెలకు ఒక సినిమా మానిపించి వాణ్ని బాగుచేద్దామనుకునేవాళ్లకు ఈ లెక్క ఎప్పటికీ అర్థం కాదు.

ఏది ముందు తీర్చాలన్న దానిమీద కూడా లెక్కల మాస్టార్లతో నాకు పేచీ ఉంది. ఎక్కువ వడ్డీది ముందు తీర్చమంటారు. కాగితం మీద అది నిజం. ఏడాదికి నలభై శాతం దాటే క్రెడిట్ కార్డు బాకీని పెట్టుకుని, వడ్డీలేని చేబదులు ముందు తీర్చడం తెలివితక్కువే. అయినా నేను చెప్పేది, కిరాణా కొట్టులో ఉన్న నాలుగు వేల ఖాతా ముందు కొట్టేయించమనే. ఆ వీధిలోంచి తలెత్తుకుని నడిచే వీలు నాలుగు వేలకు దొరుకుతోంది. అంతకంటే చవకగా ధైర్యం ఎక్కడ అమ్ముతారు?

చెప్పుకుంటే చులకనైపోతామని, పిల్ల సంబంధం తప్పిపోతుందని, రేపు అవసరానికి చేబదులు కూడా పుట్టదని అనేవాళ్లున్నారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. ఊరంతా డప్పు వేయించమని నేనూ అనడం లేదు, ముగ్గురికో నలుగురికో చెప్పమంటున్నాను. అయినా దాచిన అప్పు చివరికి ఎలా బయటపడుతుందో మనకు తెలుసు. పెళ్లిచూపులకు ముందు కాకపోతే పెళ్లయ్యాక, మన నోటితో కాకపోతే వసూలు ఏజెంటు నోటితో.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. బాహాటంగా చెప్పుకోవడం అవమానమైతే, అది కంపెనీలకు ఎందుకు కాలేదు? 2016 నాటి దివాలా స్మృతి కింద ఒక కంపెనీ అప్పు తీర్చలేకపోతే మొట్టమొదట చేసేది పేపర్లో బహిరంగ ప్రకటన. ‘ఫలానా కంపెనీ మీద బాకీలున్నవారు రండి’ అని. తర్వాత అప్పిచ్చినవాళ్లంతా కమిటీగా ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ ప్రక్రియ నడిచినన్నాళ్లూ ఎవరూ దావా వేయకుండా, ఆస్తి లాక్కోకుండా చట్టమే అడ్డు నిలబడుతుంది. చివర్లో వందకు ముప్పయ్యో నలభయ్యో తీసుకుని లేచిపోయినా ఎవరికీ పరువు పోదు. అదే స్మృతిలో పేదవాడికీ ఒక తలుపు రాశారు. ఏడాదికి 60 వేల లోపు ఆదాయం, 35 వేల లోపు అప్పు ఉన్నవాళ్లు మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టుకునే ఏర్పాటు అది. వ్యక్తులకు సంబంధించిన ఆ భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు పూచీ పడ్డవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. ఆటో డ్రైవరు వంతు, మగ్గం మీద కూర్చున్నవాడి వంతు ఇంకా రాలేదు. మిగిలింది 1920 నాటి పాత చట్టం. దాని కింద కోర్టుకెళ్లినవాణ్ని ‘ఐపీ పెట్టాడు’ అని మూడు తరాలు చెప్పుకుంటాం. కంపెనీ చేస్తే పరిష్కారం, మనిషి చేస్తే తిట్టు.

ఢిల్లీ ఆ తలుపు తెరిచేదాకా మేము మాత్రం ఆగలేదు. నేనూ మూడు క్రెడిట్ కార్డుల బాకీ ఉన్న మనిషినే. నాలుగేళ్ల క్రితం ఒక రాత్రి బావమరిదికి మొత్తం చెప్పేశాను. తిడతాడనుకుంటే, తనకు నాకంటే రెండు లక్షలు ఎక్కువుందన్నాడు. తర్వాత మా వీధి చివర జిరాక్స్ షాపు అన్న కలిశాడు. ప్రతి నెలా 5వ తారీఖు సాయంత్రం ముగ్గురం టీ బండి దగ్గర నిలబడి కట్టిందెంతో, మిగిలిందెంతో చెప్పుకుంటాం. సలహాలివ్వకూడదన్నది ఒక్కటే నియమం, అది ప్రతిసారీ తప్పుతుంటాం. అప్పు మూసేసినవాడు ఆ నెల మిరపకాయ బజ్జీలు పెట్టించాలి. పోయిన నెల జిరాక్స్ అన్న చీటీ బాకీ తీరింది, రెండు ప్లేట్లు చెప్పాడు. నాకింకా 1,12,000 ఉంది. బజ్జీలు తింటూ వాళ్లిద్దరికీ అదే చెప్పాను.