బండి పేరేంటండీ?

"ఏ మోడలండీ?" అని అడిగింది స్పేర్ పార్టుల షాపులో ఆవిడ ఫోన్లో.

"తెల్లది," అన్నాను.

అవతల నిశ్శబ్దం. ఇవతల మా ఆవిడ నుదురు కొట్టుకున్న చప్పుడు.

నా తప్పేం లేదు. ఆ బండి గురించి నాకు రూఢిగా తెలిసిన సంగతి అదొక్కటే.

అత్తయ్యగారూ మావయ్యగారూ విజయవాడ నుంచి ఫ్రిస్కోలోని మా ఇంటికి వచ్చారు, ఆరు నెలలుండేలా. అత్తయ్యగారు బయటి తిండి ముట్టరు. హోటల్ మంచం మీద పడుకోరు, "ఎవరెవరు దొర్లారో" అంటారు. వాళ్ళకి అమెరికా చూపించాలంటే వంటిల్లు, పడగ్గది, స్నానాల గది వెంటబెట్టుకుని తిరగాలి. అలా మోటర్‌హోమ్ కొనాలనే ఆలోచన వచ్చింది. కొత్తదాని ధర విన్నాక ఆలోచన కాస్తా సెకండ్‌హ్యాండ్‌కి దిగింది.

అమ్మిన పెద్దాయన తాళాలూ, టైటిల్ అనే హక్కు కాగితమూ చేతిలో పెట్టి "అన్నీ పనిచేస్తాయి" అన్నాడు. అన్నీ అంటే ఏమేమిటో నేను అడగలేదు. బండి పక్కన ఒకప్పుడు పెద్దక్షరాలతో పేరుండేదట. టెక్సస్ ఎండకి పెచ్చులూడి ఒక ఎస్సూ, ఒక ఆరూ, సగం ఎన్నూ మిగిలాయి. మోటర్‌హోముల్లో ఏ, బీ, సీ అని మూడు తరగతులున్నాయని మాత్రం తెలుసు. ఏ అంటే బస్సంత పెద్దది. బీ అంటే వ్యాను, అన్నిట్లోకీ చిన్నది. సీ మధ్యస్తం. ఏ అక్షరమాల ప్రకారం పెట్టారో ఆ వరస! మాది సీ. డ్రైవరు నెత్తిన అటక ఉంటే అది సీ అని గుర్తు. "ఆవకాయ జాడీలు పెట్టుకోవచ్చు," అని అత్తయ్యగారు ఆ అటకని తన లెక్కలో వేసేసుకున్నారు.

మొదటి రోజు పూజ. అత్తయ్యగారు నాలుగు నిమ్మకాయలు తెచ్చారు. తీరా చూస్తే వెనక జంట టైర్లు, మొత్తం ఆరు. జంటకి ఒకటి చాలదా అన్నాను. "చక్రం చక్రమే నాయనా," అన్నారు. నేను మళ్ళీ షాపుకెళ్ళి రెండు తెచ్చాను. కొబ్బరికాయ కొట్టాం. తిరుపతి నుంచి తెచ్చిన వెంకటేశ్వరస్వామి స్టిక్కరు లోపల తలుపు పక్కన అతికించారు. గోడంతా గరుకు, ఆ అరచేతి మేర మాత్రం నున్నగా ఉందని అక్కడే.

మర్నాడు టెక్సోమా సరస్సు ఒడ్డున స్టేట్ పార్కుకి వెళ్ళాం. మార్చి నెల, చలి పూర్తిగా పోలేదు. కొళాయి తిప్పితే గులాబీ రంగు నీళ్ళొచ్చాయి. "పన్నీరు కూడా ఇచ్చాడా!" అని అత్తయ్యగారు ముచ్చటపడ్డారు. కాసేపటికి రంగు పోయి మామూలు నీళ్ళొచ్చాయి. వేడినీళ్ళు మాత్రం రాలేదు. హీటరు స్విచ్ వేస్తే భుగ్గుమంటుంది, కాసేపు మండుతుంది, ఆగిపోతుంది. కొళాయిలో మంచు. అత్తయ్యగారు తెల్లారి అయిదింటికి చన్నీళ్ళతో స్నానం చేసి, ఒక్క మాటైనా అనకుండా ఉప్మా కలియబెట్టారు. ఏదో ఒకటి అని ఉంటే నయంగా ఉండేది.

అందుకే ఇంటికి రాగానే షాపుకి ఫోన్. "తెల్లది" అంటే కుదరదని తేలాక టైటిల్ కాగితం చూసి "ఫోర్డ్" అన్నాను. "అది కింద బండి హనీ. పైన ఇల్లు ఎవరు కట్టారు?" అంది. టెక్సస్‌లో అందరినీ అలాగే పిలుస్తారు. అయినా మా ఆవిడ వచ్చి పక్కన కూచుంది.

ఇక్కడ మావయ్యగారు పేపరు మడిచారు. ఆయన ముప్పై ఏళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టించిన మనిషి. "ఇందులో అర్థం కానిదేముంది అల్లుడుగారూ? లేలాండ్ వాడు చాసిస్ ఇస్తాడు, క్యాబినూ తొట్టీ మనం కడతాం. తలుపు గడియ ఊడితే లేలాండ్ వాడి దగ్గరకి పోతామా? ఇదీ అంతే. చాసిస్ ఒకడిది, బాడీ ఒకడిది. లోపల పొయ్యి, ఫ్రిజ్, హీటరు తలా ఒకడివి. ఇది బండి కాదు, ఉమ్మడి కుటుంబం. ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా పలకరించాలి."

ముందు చాసిస్‌ని పలకరిద్దామని అద్దం కింద ఉన్న వి.ఐ.ఎన్. అనే బండి గుర్తింపు నంబరు చదివే పని ఆయనే పెట్టుకున్నారు. మొత్తం 17 అక్షరాలూ అంకెలూ. "ఒకటి. ఎఫ్ ఫర్ ఫిరంగిపురం. డి ఫర్ దుగ్గిరాల..." నాలుగోది ఎక్స్. ఆ అక్షరంతో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఊరు లేదు. ఆయన ఒక్క క్షణం తడబడి "ఇంటూ మార్కు" అన్నారు. తర్వాత "ఈ ఫర్ ఏలూరు." ఫోన్లో ఆవిడ ఏం రాసుకుందో ఆ స్వామికే తెలియాలి. ఇంకాస్త ముందుకెళ్ళాక "ఓ ఫర్ ఒంగోలు" అంటే మాత్రం ఆపింది. ఆ నంబర్లలో ఐ, ఓ, క్యూ అసలు ఉండవట, ఒకటితోనూ సున్నాతోనూ పొరబడతారని. ఒంగోలుని సున్నా చేశాం.

పదో స్థానంలో అయిదుంది. అంటే 2005. "అది చాసిస్ మోడల్ ఏడాది. పైన ఇల్లు 2006 మోడల్ కూడా కావచ్చు," అంది ఆవిడ.

"రెండు పుట్టిన తేదీలా!" అని నేను ఆశ్చర్యపోతుంటే అత్తయ్యగారు తేలిగ్గా తీసేశారు. "మీ మావయ్యగారికి లేవూ? స్కూల్లో వేయించింది ఒకటి, అసలుది ఒకటి."

ఈలోగా నేను ఊరుకోలేదు. ఒక వీడియో చూసి హీటరుకి ఆనోడ్ రాడ్ మార్చాలని కనిపెట్టాను. ఉక్కు ట్యాంకు తుప్పు పట్టకుండా, దాని బదులు తాను అరిగిపోయే లోహపు కడ్డీ అది. ఆర్డరిచ్చాను, వచ్చింది. స్పానరు పట్టుకుని బండి దగ్గరకెళ్ళి, హీటరు బయటి తలుపు తీస్తే లోపల చీటీ మీద ఆట్‌వుడ్ అని ఉంది. ఆ కంపెనీ ట్యాంకు అల్యూమినియంది, దానికి కడ్డీ గిడ్డీ ఉండదు. చీటీ ముందు చదివి ఉంటే ఖర్చు తప్పేది. సరే, విప్పడానికి వచ్చాను కదా అని కింద బిరడా విప్పి, నీళ్ళు మీద పడతాయని పక్కకి గెంతాను.

చుక్క రాలేదు.

మావయ్యగారు నా గెంతునీ ఆ చిల్లునీ మార్చి మార్చి చూశారు. "ఆరు గ్యాలన్ల ట్యాంకు అల్లుడుగారూ. నీళ్ళేవి?"

ఇన్నాళ్ళూ ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి వేడెక్కలేదేమని ఏడ్చామన్నమాట. నీళ్ళు లోపలికి పోకుండా ఎక్కడో ఒక వాల్వు కట్టేసి ఉంది. ఎక్కడ? హీటరు కంపెనీ పుస్తకంలో అది ఉండదు. వాల్వు ఎక్కడ బిగించాలో ఇల్లు కట్టినవాడి ఇష్టం. ఆ కట్టినవాడి పేరూ సీరియల్ నంబరూ ఉండే చీటీ బండిలో ఎక్కడో అతికించి ఉంటుంది, చాలా బళ్ళకి తలుపు దగ్గరే, అంది షాపావిడ. వెతికాం. అల్మరాల తలుపుల వెనక చూశాం. సింకు కింద దూరాం. మా అబ్బాయి అటకెక్కి టార్చి వేశాడు.

మావయ్యగారు తలుపు పక్కనే నిలబడి చాలాసేపు స్వామిని చూశారు. భక్తి అనుకున్నాను. వేలితో స్టిక్కరు అంచు తడిమి, "దీని కింద ఇంకో అంచు ఉంది," అన్నారు.

"స్వామిని పీకుతారా!" అత్తయ్యగారి గొంతు.

చర్చలు జరిగాయి. పీకడం కాదు, చిరగకుండా మెల్లగా లేపి వేరే చోట ప్రతిష్ఠించడం అన్నాక ఒప్పుకున్నారు. హెయిర్ డ్రయ్యరుతో వేడి చేస్తే జిగురు వదులుతుంది. బండేమో మా ఇంట్లో లేదు. కాలనీ వాళ్ళు ఇంటి ముందు పెట్టనివ్వరని అద్దె స్థలంలో పెట్టాం, అక్కడ కరెంటు లేదు. ఏం ఫర్వాలేదు, బండికి జనరేటరుంది. బటన్ నొక్కాను. దగ్గింది. మళ్ళీ నొక్కాను. ఇంకోసారి దగ్గి ప్రాణం విడిచింది. హీటరు, ఇప్పుడు జనరేటరు. నాకు టెన్షన్ మొదలై మళ్ళీ ఆవిడకే ఫోన్ చేశాను.

"ట్యాంకులో పెట్రోలెంతుంది హనీ?"

పావు కంటే కిందే. 55 గ్యాలన్ల ట్యాంకు నింపాలంటే గుండె ఆగుతుందని పదేసి గ్యాలన్లు పోయిస్తున్నాను. జనరేటరూ ఆ ట్యాంకులోంచే తాగుతుందట, కానీ దాని గొట్టం అడుగుదాకా పోదట, సుమారు పావు ట్యాంకు దగ్గరే ఆగుతుందట. ఏసీ వేసుకుని పడుకున్నవాడు తెల్లారి బంకుదాకానైనా బండి నడుపుకోవాలి కదా. జనరేటరు ఒళ్ళు బాగానే ఉంది. నాకే చెయ్యి రాలేదు.

ట్యాంకు నింపించాం. బిల్లు సంగతి వదిలేయండి. జనరేటరు మొదటి నొక్కుకే పలికింది. మావయ్యగారు డ్రయ్యరు పట్టుకుంటే, అత్తయ్యగారు గోవిందనామాలు చదువుతూ స్వామిని గోటితో మెల్లగా లేపారు. కింద వెండి రంగు చీటీ. కట్టినవాడి పేరు, మోడలు, సీరియల్ నంబరు, ఏడాది 2006. మావయ్యగారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి పెన్సిలుతో అన్నీ ఎక్కించుకున్నారు. నేను రెండు ఫోటోలు తీశాను.

పేరు తెలిశాక పావుగంట పని. పాత మోడళ్ళ పుస్తకాలూ, నీళ్ళ పైపుల బొమ్మలూ, వైరింగు బొమ్మలూ కట్టినవాళ్ళే నెట్‌లో ఉచితంగా పెట్టి ఉంచారు. బొమ్మలో చూపినట్టు మంచం కింద చెక్క పలక తీస్తే మూడు బుల్లి వాల్వు పిడులు. చలికాలంలో పైపులు గడ్డకట్టి పగలకుండా గులాబీ రంగు యాంటీఫ్రీజ్ నింపుతారట. అది ఆరు గ్యాలన్ల ట్యాంకులోకి పోయి దండగవకుండా హీటరుకి అడ్డు తిప్పుతారట. అత్తయ్యగారి పన్నీరు అదే. పెద్దాయన మూసింది మూసినట్టే ఇచ్చాడు, నేను కొన్నది కొన్నట్టే పొయ్యి వెలిగించాను. మావయ్యగారు మూడు పిడులూ తిప్పారు. ట్యాంకు నిండాక హీటరు వేశాం. అరగంటకి కొళాయిలో పొగలు.

"స్వామిని లేపిన చేత్తో నీళ్ళొచ్చాయి," అన్నారు అత్తయ్యగారు. ఎవరూ కాదనలేదు. స్వామి ఇప్పుడు డాష్‌బోర్డు మీదున్నాడు. ఆ చోట కింద ఏమీ లేదని నేను వేలితో తడిమి మరీ చూశాను.

ఆ రోజంతా నంబర్లు చదివిన ఊపులో మావయ్యగారు టార్చి పట్టుకుని బండి చుట్టూ తిరుగుతున్నారు. వెనక టైరు దగ్గర గొంతుక్కూచున్నారు.

"అల్లుడుగారూ, దీని మీద కూడా ఏదో ఉంది. డి.ఓ.టి. అని రాసి, చివర 3213."

షాపావిడకి ఫోన్ చేస్తే ఈసారి మోడలు కూడా అడగలేదు. 2013లో 32వ వారం తయారైన టైరట. మిగతావీ చూడమంది. చూశాం. ఆరూ అక్కాచెల్లెళ్ళే. అరుగుదల లేకపోయినా ఇంత వయసు టైర్లతో హైవే ఎక్కొద్దంది.

లోపల అత్తయ్యగారు అంతా విన్నారు. "అయితే ఈసారి నిమ్మకాయలు ఆరు తెండి నాయనా," అన్నారు.