హిరొసాకి కోటకి ఏప్రిల్‌లోనే ఎందుకెళ్లాలి?

జపాన్ వెళ్లే మనవాళ్లు ఒసాకా కోట ముందు ఫొటో దిగి, టోక్యోలో ఉఎనో పార్కులో సకురా (చెర్రీ పూలు) చూసి, ఈ రెండూ అయిపోయాయని లెక్క రాసేసుకుంటారు. ఒసాకాలో ఇప్పుడున్న బురుజు (కోట ప్రధాన భవనం) 1931లో కాంక్రీటుతో కట్టింది, లోపల లిఫ్టు కూడా ఉంది. కాస్త ఓపికున్నవాళ్లు ఉత్తరాన అఒమొరి ప్రాంతంలోని హిరొసాకి దాకా వస్తారు. వాళ్లయినా పూల వారం చూసుకునే వస్తారు. ఆ వారం తప్పితే ‘పూలు రాలిపోయాయి, వెళ్లడం దండగ’ అని పక్కవాళ్లకి కూడా చెప్పేస్తారు. ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. అక్కడి పూలు దేవుడు ఊరికే ఇచ్చినవి కావు, ఏడాది పొడవునా మనుషులు పడే చాకిరీకి వచ్చిన ఫలితం. ఆ చాకిరీ కనపడేది మిగతా పదకొండు నెలల్లోనే.

ముందు కోట సంగతి. త్సుగరు వంశపు రెండో ప్రభువు నొబుహిర 1611లో దీన్ని పూర్తి చేశాడు. అప్పటి ఐదంతస్తుల బురుజు 1627లో పిడుగు పడి కాలిపోయింది. ఇప్పుడున్న మూడంతస్తులది 1810 నాటిది. ‘ఎదో’ అనే షోగన్‌ల పాలనా యుగం (17–19 శతాబ్దాలు) నుంచి చెక్కుచెదరకుండా మిగిలిన బురుజులు జపాన్ మొత్తంలో 12 మాత్రమే. వాటిలో ఇదొకటి. చిన్నదని తీసిపారేయకండి, చుట్టూ తిరిగి చూడండి. శత్రువు వచ్చే తూర్పు, దక్షిణ ముఖాల్లో పెద్ద కిటికీలుండవు, బాణాలు వదిలే సన్నటి సందులూ పైన అలంకారపు చూర్లూ ఉంటాయి. లోపలివైపు తిరిగిన రెండు ముఖాలకీ అలంకారం ఏమీ లేదు, మామూలు ఊచల కిటికీలే. బయటివాడికి దర్జా, లోపల పొదుపు! కప్పుకి మట్టి పెంకు కాదు, రాగి పెంకు. మట్టి పెంకు నీళ్లు పీల్చుకుంటుంది, ఆ నీళ్లు గడ్డకట్టినప్పుడు పగిలిపోతుంది. ఈ చలికి రాగే గతి.

కింద రాతిగోడ ఉబ్బిపోవడంతో 2015లో బురుజు మొత్తాన్ని విప్పకుండానే ఎత్తి, పట్టాల మీద మెల్లగా లోపలికి జరిపి, గోడ రాళ్లు ఊడదీసి మళ్లీ పేర్చే పని పెట్టుకున్నారు. కాబట్టి గెజొబాషి అనే ఎర్ర వంతెన మీంచి తీసిన పాత ఫొటోలు చూసి అదే కోణం దొరుకుతుందనుకోకండి, బురుజు పాత చోటికి చేరిందో లేదో కనుక్కోండి. బురుజు లోపలికి వెళ్లనిస్తున్నారో లేదో కూడా బయల్దేరే ముందే చూసుకోండి.

ఇక చెట్లు. 49 హెక్టార్ల పార్కులో దాదాపు 2,600 సకురా చెట్లున్నాయి, ఎక్కువ భాగం సొమేయి యొషినో రకం. ఈ రకం ఆయుష్షు అరవై ఏళ్లేనని జపాన్‌లో అందరూ అనుకునే మాట. ఇక్కడ మాత్రం 1882లో నాటిన చెట్టు ఇప్పటికీ పూస్తోంది, వందేళ్లు దాటినవి 300కి పైగా ఉన్నాయి. కారణం ఆపిల్. జపాన్ ఆపిల్ పంటలో సగానికి పైగా అఒమొరిదే, అందులో హిరొసాకిదే పెద్ద వాటా. ‘సకురాను కోసేవాడు మూర్ఖుడు, ఉమెను (జపాన్ ప్లమ్ చెట్టును) కోయనివాడు మూర్ఖుడు’ అని జపాన్‌లో సామెత. సకురా కొమ్మ కోస్తే ఆ గాయంలోంచి కుళ్లు చెట్టులోకి దిగుతుందని భయం. హిరొసాకివాళ్లు ఆ భయాన్ని పక్కనపెట్టి, గత శతాబ్దం మధ్య నుంచి ఆపిల్ తోటల కత్తిరింపునే సకురాకీ వాడుతున్నారు. ముసలి కొమ్మనీ, తెగులు పట్టిన కొమ్మనీ మోడు మిగలకుండా మొదలంటా కోస్తారు. కోసిన చోట మందు పూస్తారు. దాంతో కొత్త చిగురు బలంగా వస్తుంది, వెలుతురు లోపలి కొమ్మలకీ తగులుతుంది. పూలు అయిపోయాక ఎరువు పెడతారు. మామూలుగా ఒక మొగ్గలోంచి మూడు నాలుగు పూలొస్తే ఇక్కడ నాలుగైదు వస్తాయి. ఫొటోల్లో ఆ గుత్తి అంత నిండుగా కనపడేది ఫిల్టర్ వల్ల కాదు. ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే మంచులో నిలబడి కొమ్మలు కోస్తున్న సకురామొరి (సకురా సంరక్షకుల) బృందం కనపడుతుంది.

ఏప్రిల్‌లోనే వెళ్తానంటే ఒక్క తేదీ పట్టుకుని కూర్చోకండి. ముందు బయటి కందకం గట్టు పూస్తుంది, తర్వాత పార్కు లోపల, ఆ తర్వాత పడమటి కందకం పక్కనున్న సొరంగంలాంటి దారి, చివర్న వాలు కొమ్మల రకాలు, ముద్ద పూల రకాలు. నగరపాలక సంస్థ వీటి తేదీలు విడివిడిగా ప్రకటిస్తుంది. ఒకప్పుడు ఏప్రిల్ చివర్న పూసేవి ఈమధ్య కొన్నేళ్లు నెల మధ్యకే విచ్చుకుంటున్నాయి. జపాన్‌లో మే మొదట్లో వచ్చే వరస సెలవులే నమ్ముకుంటే ముద్ద పూలే దక్కొచ్చు. రేకులు రాలి కందకం నిండా పరుచుకునే హనఇకద చూడాలంటే పూలు నిండుగా విచ్చిన నాలుగైదు రోజుల తర్వాత, గాలి లేని పొద్దున్నే వెళ్లండి. రెండు మూడు రోజులైతే ఆ రేకులు గోధుమరంగుకి తిరుగుతాయి. ఈ పూల పండుగకి 20 లక్షలకు పైగా జనం వస్తారు. ఊళ్లో గది దొరక్కపోతే అఒమొరి నగరంలో దిగండి, రైల్లో ముప్పావు గంట.

ఒక్కటి మాత్రం దండం పెట్టి చెబుతున్నా: చెట్ల మొదట్లో దుప్పట్లు పరచకండి, తాడు కట్టిన చోట లోపలికి వెళ్లకండి. సకురాకి సన్న వేళ్లన్నీ పైపై మట్టిలోనే ఉంటాయి. వందలమంది తొక్కితే మట్టి గట్టిపడి నీళ్లూ గాలీ అందవు, రెండు మూడేళ్లకి పైకొమ్మలు ఎండటం మొదలవుతుంది. రీలు కోసం కొమ్మ లాగేవాళ్లకి చెప్పేదేముంది, చిటుక్కుమన్న ఆ చిన్న కొమ్మలోనే వచ్చే ఏడాది మొగ్గలుంటాయి.

వేసవిలో పార్కులో పెద్దగా పని లేదు. హసుఇకె కందకంలో తామరలు చూసి, ఆగస్టు 1 నుంచి 7 దాకా ఊళ్లో జరిగే నెపుత ఊరేగింపుకి వెళ్లండి. విసనకర్ర ఆకారపు పెద్ద దీపాల మీద వీరుల బొమ్మలుంటాయి. 

అక్టోబరులో ముందు సకురా ఆకులే ఎర్రబడతాయి, నవంబరు మొదట్లో మేపుల్ చెట్లు. పూల రోజుల్లో కానరాని నేలా, గోడలూ, ద్వారాలూ అప్పుడు తీరిగ్గా చూడొచ్చు. నా ఓటు దీనికే.

చలికాలంలో బురుజు మూసేస్తారు, ఆవరణలో టికెట్ ఉండదు. ఫిబ్రవరి మంచుదీపాల పండుగకి అదే తామరల కందకంలో వరసగా చిన్న చిన్న మంచుగూళ్లు కట్టి లోపల దీపాలు పెడతారు. ఆకాశం తేటగా ఉంటే హొన్మరు (కోట లోపలి ప్రధాన ఆవరణ) మీంచి 1,625 మీటర్ల ఇవకి కొండ నిండుగా కనపడుతుంది. స్పోర్ట్స్ షూతో వెళ్తే జారి పడతారు. బూటుకి తగిలించే ముళ్ల పట్టీలు ఊళ్లోనే దొరుకుతాయి, కొనుక్కోండి. శాకాహారులు సూప్, నూడుల్స్ జోలికి పోకండి, చాలావాటిలో చేపల రసం ఉంటుంది. ‘ఆపిల్ పై’ అనే తీపి వంటకం అమ్మే దుకాణాలు ఊరంతా ఉన్నాయి, గుడ్డు తినకపోతే అడిగి తీసుకోండి.

టోక్యో నుంచి హయబుస అనే బుల్లెట్ రైల్లో షిన్-అఒమొరి స్టేషనుకి మూడు గంటల పైచిలుకు, అక్కడినుంచి లోకల్ రైలు. హయబుసలో సీట్లన్నీ రిజర్వేషనే, సరిగ్గా నెల ముందు ఉదయం 10కి తెరుస్తారు. ఏప్రిల్‌కి దొరక్కపోతే నవంబరు మొదటి వారానికి చూడండి.